సమాజశాస్త్రానికి పునాది వేసిందెవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సమాజశాస్త్రం పుట్టుక గురించి గత సంచికలో వచ్చిన వ్యాసంపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను ఒక్కటిగా కలిపాను.

ప్రశ్న: మా పాఠ్యపుస్తకం ఒకచోట ఆగస్ట్ కామ్టేను సమాజశాస్త్ర పితామహుడు అంటుంది. మరికొన్ని పాఠాల తర్వాత ఎమిలీ డర్క్‌హైమ్ ఆ శాస్త్రాన్ని స్థాపించాడని చెబుతుంది. రెండూ ఎలా నిజమవుతాయి? పరీక్షలో ఏది రాయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: పరీక్ష సంగతి ముందు తేల్చేద్దాం. పితామహుడు ఎవరని అడిగితే కామ్టే పేరు రాయండి. సమాజశాస్త్రానికి ఒక పద్ధతిని ఏర్పరచి, విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించి పెట్టిందెవరని అడిగితే డర్క్‌హైమ్ పేరు రాయండి. రెండు మాటలూ నిజమే, ఎందుకంటే అవి వేరువేరు పనుల గురించి చెబుతున్నాయి. ఆ రెండు పనుల్లో ఏది పెద్దది అన్నదే అసలు ప్రశ్న. ఆ విషయంలో నాకు స్థిరమైన అభిప్రాయం ఉంది.

కామ్టే 1798లో ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో పుట్టాడు. విప్లవం తెచ్చిన గణతంత్రం పోయి నెపోలియన్ సామ్రాజ్యం రావడం, అది కూలి మళ్లీ రాజులు గద్దెనెక్కడం, ఇదంతా ఆయనకు ఇరవై ఏళ్లు నిండకముందే జరిగిపోయింది. పాత వ్యవస్థ కూలింది, కొత్తది నిలబడటం లేదు; మరి సమాజాన్ని కలిపి ఉంచేది ఏమిటి, దాన్ని మార్చేది ఏమిటి? ఈ ప్రశ్నకు మతగురువులో రాజకీయ నాయకులో చెప్పే జవాబు చాలదని, ప్రకృతి శాస్త్రాల తరహాలో పరిశీలన మీద నిలిచే జవాబు కావాలని ఆయన పట్టుబట్టాడు. 1817 నుంచి 1824 వరకు ఫ్రెంచి సామాజిక ఆలోచనాపరుడు సెయింట్ సైమన్ దగ్గర కార్యదర్శిగా పనిచేసినప్పుడే ఈ ఆలోచనకు బీజం పడింది కాబట్టి, ఆ గురువు వాటాను కూడా మరచిపోకూడదు. 1830 నుంచి 1842 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన తన ప్రధాన గ్రంథంలో కామ్టే శాస్త్రాలను ఒక వరసలో పేర్చాడు. గణితం, ఖగోళం, భౌతికం, రసాయనం, జీవశాస్త్రం, వాటన్నిటి తర్వాత సమాజశాస్త్రం. మొదట ఈ చివరి శాస్త్రాన్ని ఆయన సామాజిక భౌతికశాస్త్రం అనేవాడు. బెల్జియం గణాంకవేత్త క్వెట్లే 1835లో తన పుస్తకానికి అదే మాట వాడుకోవడంతో, 1839లో సోషియాలజీ అనే కొత్త పేరును ప్రవేశపెట్టాడు.

అయితే ఆ పేరు కింద కామ్టే చేసి చూపిన పని ఎంత? మానవుని ఆలోచన మతపరమైన దశ నుంచి తాత్త్విక దశకు, అక్కడి నుంచి శాస్త్రీయ దశకు సాగుతుందన్న ఆయన మూడు దశల సూత్రం విశాలమైనదే. కానీ ఫలానా ఆధారం దొరికితే ఈ సూత్రం తప్పని ఒప్పుకోవాలి అని చెప్పగలిగే వీలు అందులో లేదు. పైగా, పరిశీలనే శాస్త్రానికి ప్రాణమని బోధించిన ఈ వ్యక్తి, మెదడు పరిశుభ్రత పేరుతో కొంతకాలానికి ఇతరుల రచనలు చదవడమే మానేశాడు. చివరి సంవత్సరాల్లో మానవతా మతాన్ని స్థాపించి దానికి తానే ప్రధానాచార్యుడయ్యాడు. ఇలాంటి శాస్త్రం ఒకటి ఉండి తీరాలని అందరికంటే గట్టిగా చెప్పిన ఘనత మాత్రం ఆయనదే, అది చిన్న ఘనత కాదు.

డర్క్‌హైమ్ 1858లో, అంటే కామ్టే మరణించిన మరుసటి ఏడాది పుట్టాడు. 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో బోధన మొదలుపెట్టి, పదకొండేళ్ల వ్యవధిలో శ్రమ విభజన మీద ఒక గ్రంథం (1893), సమాజశాస్త్ర పద్ధతి మీద ఒకటి (1895), ఆత్మహత్యల మీద ఒకటి (1897) రాసి, 1898లో ఒక వార్షిక పత్రికను కూడా స్థాపించాడు. పద్ధతి గురించిన పుస్తకంలో ఆయన కామ్టేనే నేరుగా ప్రశ్నించాడు. మానవజాతి పురోగతి అనే ఊహను పట్టుకుని కామ్టే చరిత్రను చదివాడని, వాస్తవంలో ఉన్నవి వేటికవే అయిన సమాజాలు తప్ప ఒకే గీత మీద నడిచే మానవజాతి కాదని ఆయన వాదన. సామాజిక వాస్తవాలు వ్యక్తికి వెలుపల ఉంటాయి, వ్యక్తి మీద ఒత్తిడి తెస్తాయి, వాటిని వస్తువులను పరిశీలించినట్టు పరిశీలించాలి అన్నది ఆయన నియమం.

ఆ నియమం పనిలో ఎలా ఉంటుందో ఆత్మహత్యల అధ్యయనంలోని ఒక చిన్న భాగం చూస్తే తెలుస్తుంది. ఆనాటి యూరప్ దేశాల లెక్కల్లో ఆత్మహత్యలు జనవరి నుంచి దాదాపు జూన్ దాకా పెరుగుతూ పోయి, ఆ తర్వాత తగ్గేవి. వేడి మనిషి మెదడును ఉద్రేకపరుస్తుంది కాబట్టి ఇలా జరుగుతోందని ఇటలీ పండితులు ఫెర్రీ, మోర్సెల్లీ వివరించారు. డర్క్‌హైమ్ ఆ వివరణను పక్కకు నెట్టేయలేదు, పరీక్షకు పెట్టాడు. వేడే కారణమైతే జూలై, ఆగస్టు నెలల్లో సంఖ్య పతాక స్థాయికి చేరాలి, కానీ అప్పటికే తగ్గడం మొదలవుతోంది. వసంతం కంటే శరత్కాలం వెచ్చగా ఉండే చోట్ల కూడా వసంతంలోనే సంఖ్య ఎక్కువగా ఉంది. మరి వేడితో కాకపోతే ఈ సంఖ్య దేనితో కలిసి పెరుగుతోంది? పగటి పొడవుతో. ఎక్కువ ఘటనలు పగటిపూటే జరుగుతున్నాయి. పగలు పొడవైన కొద్దీ పనులు, రాకపోకలు, మనుషుల మధ్య సంబంధాలు, అంటే సామాజిక జీవితం యావత్తూ ఉధృతమవుతుంది. అది నిజమైతే, ఏడాది పొడవునా ఒకే తీరున పని జరిగే పెద్ద నగరాల్లో ఋతువుల మధ్య తేడా తక్కువగా ఉండాలి. లెక్కలు తీసి చూస్తే అలాగే ఉంది. ఒక వివరణను తీసుకుని, అది నిజమైతే ఇంకా ఏమేమి కనిపించాలో ఊహించి, వెతికి చూడటం అంటే ఇదీ. ఈ పనిలో ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్ దాదాపు 26,000 ఆత్మహత్యల నమోదు వివరాలను వయసు, స్త్రీపురుష భేదం, వివాహ స్థితి, సంతానం వారీగా చేత్తో విడదీసి లెక్కకట్టాడు.

ఈ అధ్యయనం మీద తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి. ఒక మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేయాలా వద్దా అన్నది కుటుంబాలు, అధికారులు కలిసి తేల్చే విషయమనీ, క్యాథలిక్ ప్రాంతాల్లో దాన్ని దాచే ఒత్తిడి ఎక్కువ కాబట్టి ప్రొటెస్టంట్ ప్రాంతాల్లో ఆత్మహత్యలు ఎక్కువని డర్క్‌హైమ్ చేసిన పోలిక కొంత తప్పుదారి పట్టించి ఉండవచ్చుననీ అన్నారు. ఒక ప్రాంతపు సగటును చూసి అక్కడి వ్యక్తుల గురించి తీర్పు చెప్పడం కూడా చిక్కైన పనే. ఈ విమర్శలు సరైనవే. కానీ ఇలా ఆధారాలతో విమర్శించడానికి వీలు దొరికింది డర్క్‌హైమ్ తన లెక్కలను, తన తర్కాన్ని అంచెలంచెలుగా మన ముందు పరిచాడు కాబట్టే. తర్వాతి వాళ్లు అందుకుని, సరిదిద్ది, ముందుకు తీసుకుపోగల పనిని వదిలి వెళ్లడమే ఒక శాస్త్రానికి పునాది వేయడమని నేను నమ్ముతాను. ఆ లెక్కన నా ఓటు డర్క్‌హైమ్‌కే.

ప్రశ్న: ఇబ్న్ ఖల్దూన్ 14వ శతాబ్దంలోనే సమాజ శాస్త్రం రాశాడు. కామ్టే కంటే నాలుగున్నర శతాబ్దాలు ముందున్న ఆయనను పితామహుడు అనకపోవడం యూరప్ పక్షపాతం కాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: పక్షపాతం ఉంది, కాదనలేం. 1332లో ట్యూనిస్‌లో పుట్టి 1406లో కైరోలో మరణించిన ఖల్దూన్, ఉత్తర ఆఫ్రికా రాజాస్థానాల్లో పదవులు చేసి, చెరసాల అనుభవించి, నేటి అల్జీరియాలోని ఒక కోటలో ఏకాంతంగా కూర్చుని 1377లో ముఖద్దిమా గ్రంథం రాశాడు. మానవ సమాజ నిర్మాణాన్ని తెలిపే కొత్త శాస్త్రాన్ని ఆరంభిస్తున్నానని ఆయనే స్పష్టంగా చెప్పుకున్నాడు.

ఆ మాట ఊరికే అన్నది కాదనడానికి గ్రంథం మొదట్లోనే నిదర్శనం ఉంది. మోషే తన వెంట ఉన్న యుద్ధానికి పనికివచ్చే మగవాళ్లను లెక్కిస్తే ఆరు లక్షలు, అంతకు పైనే తేలారని పాత చరిత్రకారులు రాశారు. ఖల్దూన్ దాన్ని అలాగే తీసుకోలేదు. అంత సైన్యానికి తిండి పెట్టగల శక్తి ఆ దేశాలకు ఉందా? అంతమంది బారులు తీరితే ఒక కొసన జరిగేది రెండో కొసకు తెలుస్తుందా? అంతకంటే ఎంతో పెద్దదైన పర్షియా సామ్రాజ్యానికే అంత సైన్యం లేదే? ఒక వార్త నమ్మదగినదో కాదో చెప్పేవాడి మంచితనాన్ని బట్టి కాక, సమాజం నడిచే తీరును బట్టి తేల్చాలన్నది ఆయన సూత్రం. దాని మీదనే ఆయన రాజవంశాల సిద్ధాంతం కట్టాడు. కష్టమైన ఎడారి జీవితంలో పెరిగిన సమూహాలకు అసబియ్యా, అంటే గట్టి సమూహ బంధం ఉంటుంది. ఆ బలంతో వాళ్లు నగరాలను జయిస్తారు. నగర సౌఖ్యాల్లో ఆ బంధం సడలిపోతుంది. మూడు తరాలు, సుమారు 120 ఏళ్లు దాటి నిలిచే వంశాలు అరుదు.

సంఘాన్ని కలిపి ఉంచేది ఏమిటన్న డర్క్‌హైమ్ ప్రశ్నే ఇక్కడ ఐదు వందల ఏళ్ల ముందు కనిపిస్తోంది. అందుకే సమాజశాస్త్ర దృష్టి కలిగిన తొలి గొప్ప ఆలోచనాపరుడు ఎవరంటే సందేహం లేకుండా ఖల్దూన్ పేరే చెబుతాను. అయితే ఆయన పనిని అందుకుని కొనసాగించే శిష్యపరంపర ఏర్పడలేదు. ఒట్టోమన్ పండితులు ఆయనను చదివారు గానీ, యూరప్‌లో పూర్తి ఫ్రెంచి అనువాదం 1860లలో గాని రాలేదు. అప్పటికి కామ్టే మరణించాడు కూడా. కాబట్టి నేటి సమాజశాస్త్రం ఆయన నుంచి దిగివచ్చింది కాదు. ఇది ఆయన ప్రతిభకు తక్కువ కాదు, చరిత్ర నడిచిన తీరు అంతే.

ప్రశ్న: కామ్టే, స్పెన్సర్ ఇద్దరూ సమాజాన్ని జీవితో పోల్చారు కదా. వారి మధ్య తేడాను క్లుప్తంగా చెప్పగలరా?
– పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పాఠకుడు

జవాబు: కామ్టేకు సమాజపు మూల అంగం కుటుంబం, వ్యక్తి విడిగా నిలబడే ప్రమాణం కాదు. ఇంగ్లండ్ తత్త్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌కు వ్యక్తే అన్నిటికంటే ముఖ్యం. జీవి మొత్తానికి ఒకే చైతన్యం ఉంటుంది గానీ సమాజంలో చైతన్యం వ్యక్తులకే ఉంటుంది కాబట్టి, సమాజం వ్యక్తుల కోసం ఉండాలి తప్ప వ్యక్తులు సమాజం కోసం కాదని ఆయన అన్నాడు. ఆ తేడాయే రాజకీయాల్లోకీ పాకింది. నిపుణులు సమాజాన్ని నడిపించాలని కామ్టే కోరితే, ప్రభుత్వం ఎంత తక్కువగా జోక్యం చేసుకుంటే అంత మేలని స్పెన్సర్ వాదించాడు. యోగ్యులే మిగులుతారన్న ప్రసిద్ధమైన మాట 1864లో స్పెన్సర్ కలం నుంచి వచ్చినదే, డార్విన్ దాన్ని తర్వాత స్వీకరించాడు. బలహీనులను వదిలేయడానికి సాకుగా ఆ మాట ఎంత చెడ్డగా ఉపయోగపడిందో తెలిసిందే. అయినా నిర్మాణం (భాగాల అమరిక), విధి (ఒక్కో భాగం చేసే పని) అనే జంట భావనలను సమాజశాస్త్రంలో స్థిరపరచడంలో ఆయన పాత్ర పెద్దది.

ప్రశ్న: మా గైడులో, మార్క్స్ అన్నిటికీ ఆర్థిక కారణం చెప్పాడు, వెబర్ మత కారణం చెప్పాడు అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇది సరైనదేనా?
– ఒక పీజీ విద్యార్థి

జవాబు: సరైనది కాదు. ఆ ఒక్క వాక్యం ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

1818లో పుట్టి 1883లో మరణించిన కార్ల్ మార్క్స్ తనను సమాజశాస్త్రవేత్తగా ఎన్నడూ చెప్పుకోలేదు. కానీ 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ గ్రంథం మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయాన్ని తెరచి చూడండి. బ్రిటిష్ ప్రభుత్వపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల నుంచి పనిగంటలు, బాలకార్మికుల వాంగ్మూలాలు, యజమానులు భోజన విరామంలోంచి నిమిషాలు కొట్టేసే పద్ధతులు ఆయన పేజీల కొద్దీ ఎత్తి చూపాడు. 1880లో ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు వంద ప్రశ్నలతో ఒక ప్రశ్నావళిని కూడా తయారుచేశాడు. పనిచోట గాలి, వెలుతురు, ప్రమాదాలు, జీతం, సమ్మెలు అన్నిటి గురించీ కార్మికులే స్వయంగా చెప్పాలని కోరాడు. వర్గాల మధ్య సంఘర్షణే సమాజాన్ని కదిలించే శక్తి అన్న సిద్ధాంతం వెనుక ఇంత దగ్గరి పరిశీలన ఉంది.

మాక్స్ వెబర్ (1864–1920) కూడా మొదట పరిశీలించింది శ్రమజీవులనే. 1892లో ఎల్బే నదికి తూర్పున ఉన్న జర్మన్ వ్యవసాయ కూలీల మీద ఆయన పెద్ద నివేదిక రాశాడు. ఆ ప్రశ్నావళి వెళ్లింది కూలీలకు కాదు, భూస్వాములకు. మార్క్స్ ప్రశ్నావళి పక్కన పెడితే ఆ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా అందులో వెబర్ పట్టుకున్న ఒక సంగతి ఆయన తర్వాతి ఆలోచన అంతటికీ మూలమైంది. ఎస్టేట్లలో ఏడాది ఒప్పందం మీద కాస్త భద్రంగా బతుకుతున్న కూలీలు ఆ భద్రతను వదులుకుని వెళ్లిపోతున్నారు. లాభనష్టాల లెక్క ఒక్కటే ఇందుకు జవాబు కాదని, యజమాని నీడ నుంచి బయటపడాలన్న స్వేచ్ఛాకాంక్ష వాళ్లను కదిలిస్తోందని ఆయన గ్రహించాడు. మనుషులు తమ చర్యకు తాము ఇచ్చుకునే అర్థాన్ని తెలుసుకోకుండా ఆ చర్యను వివరించలేమన్న ఆయన సూత్రం ఇక్కడి నుంచి ఎంతో దూరంలో లేదు.

1904–05లో వచ్చిన ప్రొటెస్టంట్ నీతి గురించిన ప్రసిద్ధ వ్యాసాల్లోనూ ఆయన చెప్పింది మతమే పెట్టుబడిదారీ వ్యవస్థను పుట్టించిందని కాదు. తనకు మోక్షం రాసిపెట్టి ఉందో లేదో తెలియని కాల్విన్ మతస్థుడు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖవాడు), వృత్తిలో క్రమశిక్షణతో సాధించే విజయాన్ని దైవానుగ్రహానికి గుర్తుగా చూడసాగాడనీ, సంపాదించినదాన్ని విలాసాలకు ఖర్చుచేయని ఆ జీవన విధానం ఆధునిక పెట్టుబడిదారీ మనస్తత్వానికి బాగా సరిపోయిందనీ చెప్పాడు. ఏకపక్షమైన భౌతికవాద వివరణ స్థానంలో అంతే ఏకపక్షమైన ఆధ్యాత్మిక వివరణను పెట్టడం తన ఉద్దేశం కాదని ఆ వ్యాసాల ముగింపులో ఆయనే రాశాడు. మీ గైడు రాసినవారు ఆ చివరి పేజీ దాకా వెళ్లి ఉంటే ఆ వాక్యం అలా ఉండేది కాదు.

ఇంకొక సంగతి. డర్క్‌హైమ్, వెబర్ ఒకే కాలంలో, పొరుగు దేశాల్లో, మతం గురించీ ఆధునికత గురించీ రాస్తూ కూడా తమ ప్రధాన రచనల్లో ఒకరినొకరు పట్టించుకోలేదు. మనం ఇప్పుడు ఒకే శ్వాసలో పలికే మార్క్స్, వెబర్, డర్క్‌హైమ్ త్రయం తర్వాతి వాళ్లు కూర్చినది. 1937లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ తన గ్రంథంలో డర్క్‌హైమ్, వెబర్‌లను ఆర్థికవేత్తలు పారెటో, మార్షల్‌ల సరసన నిలిపాడు. మార్క్స్‌కు అంత చోటు ఇవ్వలేదు. మార్క్స్ మూల పురుషుల్లో ఒకడిగా పాఠ్యప్రణాళికల్లో స్థిరపడింది 1960ల తర్వాతే.

ప్రశ్న: ఈ పేర్ల జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేదెందుకు? నిజంగానే ఎవరూ లేరా, లేక మనకు చెప్పలేదా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: చెప్పలేదండీ. ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే హారియట్ మార్టినోకు దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

1802లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో పుట్టిన ఆమెకు చిన్న వయసులోనే వినికిడి దెబ్బతిన్నది. చెవికి వినికిడి గొట్టం పెట్టుకునే 1834 నుంచి 1836 దాకా అమెరికాలో విస్తృతంగా పర్యటించి, చెరసాలలు, ఆసుపత్రులు, బానిసలు పనిచేసే తోటలు, చట్టసభలు అన్నీ చూసింది. 1837లో ఆ దేశ సమాజం మీద పుస్తకం ప్రచురించింది. అందులో ఆమె పద్ధతి ఎంతో న్యాయమైనది. తన దేశపు కొలబద్దతో అమెరికాను కొలవకుండా, మనుషులందరూ సమానులని, పాలితుల సమ్మతి నుంచే ప్రభుత్వానికి అధికారం వస్తుందని ఆ దేశం తన స్వాతంత్ర్య ప్రకటనలో రాసుకున్న మాటలనే తీసుకుని, ఆచరణ వాటికి ఎంత దూరంలో ఉందో చూసింది. బానిసత్వాన్నీ, స్త్రీలకు రాజకీయ ఉనికే లేకపోవడాన్నీ ఆ కొలతతోనే బయటపెట్టింది.

మరుసటి ఏడాది, 1838లో, సమాజాలను ఎలా పరిశీలించాలో చెప్పే పుస్తకం రాసింది. సోషియాలజీ అన్న పేరు కామ్టే అచ్చులోకి తేవడానికి ముందే ఒక స్త్రీ దాని పద్ధతిని రాసిపెట్టిందన్నమాట. మనుషులు చెప్పే మాటలతో మొదలుపెట్టవద్దని, ముందు వస్తువులను, సంస్థలను, దస్తావేజులను చూసి, మాటలను వాటికి వ్యాఖ్యానంగా వాడుకోవాలని ఆమె సూచించింది. ఉదాహరణకు శ్మశానానికి వెళ్లి సమాధుల మీది రాతలు చదివితే, ఆ జనం ఏ గుణాలను మెచ్చుకుంటారో, మరణాన్ని ఎలా చూస్తారో, ఏ వయసువాళ్లు ఎక్కువగా చనిపోతున్నారో తెలుస్తుందని చెప్పింది. 57 ఏళ్ల తర్వాత డర్క్‌హైమ్ రాసిన నియమాలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. కానీ పాఠ్యపుస్తకాలు ఆమెను 1853లో కామ్టే గ్రంథాన్ని రెండు సంపుటాలకు కుదించి ఆంగ్లంలోకి తెచ్చిన అనువాదకురాలిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాయి. ఆ కుదింపు ఎంత బాగుందంటే కామ్టే దాన్ని మెచ్చుకుని తన అనుచరులకు సిఫారసు చేశాడు. తర్వాత దాన్ని తిరిగి ఫ్రెంచిలోకి కూడా అనువదించారు.

ఇదే విధంగా పక్కకు నెట్టేసిన మరొక పేరు అమెరికా నల్లజాతి పండితుడు డబ్ల్యూ. ఇ. బి. డూబోయ్ (1868–1963). ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతివారు నివసించే ఏడవ వార్డులో ఆయన 1896లో ఇంటింటికీ తిరిగి, కుటుంబం, ఉద్యోగం, అద్దె, చదువు, ఆరోగ్యం గురించి స్వయంగా వివరాలు సేకరించాడు. 1899లో వచ్చిన ఆ గ్రంథం, నల్లజాతివారి పేదరికానికీ నేరాలకూ మూలం జాతి స్వభావంలో లేదని, బానిసత్వ చరిత్రలోనూ ఉద్యోగాల్లో వివక్షలోనూ ఉందని చూపింది. ఇంత పని చేయించుకున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు సహాయకుడి హోదా ఇచ్చింది, పాఠం చెప్పే అవకాశం ఇవ్వలేదు. వెబర్ మాత్రం ఆయన విలువ గుర్తించి, తాను సంపాదకత్వం వహించే పత్రికకు వ్యాసం రాయించుకుని 1906లో ప్రచురించాడు. నేను పైన చెప్పిన కొలమానం ప్రకారం, అంటే ఇతరులు పరీక్షించి కొనసాగించగల పనిని వదిలివెళ్లారా లేదా అన్నదాని ప్రకారం, మార్టినో, డూబోయ్ ఇద్దరూ కామ్టే కంటే ముందు వరసలో నిలబడతారు.

ప్రశ్న: వీరి మూల రచనల్లో దేనితో మొదలుపెడితే సామాన్య పాఠకుడికి తేలికగా ఉంటుంది?
– పలువురు పాఠకులు

జవాబు: కామ్టే ఆరు సంపుటాలతో మాత్రం మొదలుపెట్టకండి. డర్క్‌హైమ్ పద్ధతి గ్రంథం చిన్నదే గానీ, ఉదాహరణలు తెలియకుండా చదివితే పొడిగా అనిపిస్తుంది. ముందు ఆత్మహత్యల అధ్యయనంలో వాతావరణం గురించిన అధ్యాయం, మతం గురించిన అధ్యాయం చదివి, తర్వాత దాని దగ్గరకు రండి. మార్క్స్‌కైతే పనిదినం అధ్యాయం విడిగానే చదువుకోవచ్చు, ముందున్న విలువ సిద్ధాంతం కష్టమనిపిస్తే తర్వాత చూసుకోవచ్చు. వెబర్ ప్రొటెస్టంట్ నీతి వ్యాసాల్లో అధోజ్ఞాపికలు మూల పాఠానికి దీటుగా ఉంటాయి, మొదటిసారి వాటిని వదిలేయండి. వీటన్నిటికంటే సులభమైనది మార్టినో 1838 నాటి పుస్తకం. అది పండితుల కోసం కాక, ప్రయాణం చేసే సాధారణ పాఠకుల కోసం రాసినది కాబట్టి, మొదటిసారి చదివేవారికి నేను దాన్నే సూచిస్తాను.